మెట్ల మీద ఇరవై నిమిషాలు

బెంగళూరు కాటన్‌పేటలోని ఆ బడిలో తెలుగు సెక్షన్ అంటే మేడ మీద ఒకే ఒక్క గది. నాలుగు, ఐదు తరగతులు కలిపి పందొమ్మిది మంది పిల్లలు, వాళ్ళకు ఒక్కతే టీచరు, వరూధిని. కింద అంతస్తంతా ఇంగ్లీషు మీడియం. కిందివాళ్ళకు టై ఉంది, బస్సు ఉంది, కంప్యూటర్ల గది ఉంది. మేడ మీది వాళ్ళకు వరూధిని ఉంది. తాతల నాడు బట్టల వ్యాపారానికి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు, తమ పిల్లలు భాష మరిచిపోకూడదని పెట్టుకున్న బడి అది. పిల్లలు మరిచిపోనే పోయారు. వాళ్ళ మనవలు ఇప్పుడు తెలుగులో బేరమాడతారు తప్ప చదవలేరు. ఇక్కడ తెలుగు చదివేది కూలిపనికి రాయలసీమ నుంచీ పాలమూరు నుంచీ వచ్చినవాళ్ళ పిల్లలు. బడి బోర్డు మీద ‘తెలుగు’ అన్న మాట పెద్ద అక్షరాలతో ఉంది కాబట్టి ట్రస్టువాళ్ళు ఆ సెక్షన్‌ను, మిక్సీ వచ్చాక ఇంట్లో మిగిలిపోయిన రోలులాగా ఉంచుకున్నారు. పారెయ్యడానికి మనసొప్పదు, వాడే పని లేదు.

వరూధినిది హిందూపురం. పెళ్ళయి బెంగళూరు వచ్చి, ఇరవై రెండేళ్ళ కిందట ఈ బడిలో చేరింది. అప్పట్లో తెలుగు సెక్షన్‌కు నాలుగు గదులూ నలుగురు టీచర్లూ ఉండేవారు. అందరిలోకీ పెద్ద జ్ఞానప్రకాశం సారు. లెక్కలు చెప్పడంలో ఆయనకు సాటి లేరని తల్లిదండ్రులు అనుకునేవాళ్ళు, ఆయనా అనుకునేవాడు. ఆయన నోట్సు పుస్తకాలు, అట్టముక్కలతో చేసిన బొమ్మలు, చింతగింజల డబ్బాలు అన్నీ ఒక ఆకుపచ్చ బీరువాలో ఉండేవి. తాళంచెవి ఆయన చొక్కా లోపలి జేబులో ఉండేది. చేరిన కొత్తలో, భాగహారం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక వరూధిని ఆ బీరువా పక్కన నిలబడి, ఒక్క రోజుకు ఒక పుస్తకం ఇస్తారా సార్ అని అడిగింది.

“నేను నేర్చుకునేదానికి పదేండ్లు పట్టెనమ్మా. నువ్వూ నేర్చుకో” అన్నాడాయన, నవ్వుతూనే.

ఆ పూట ఆమె పిల్లల ముందు నీళ్ళు నమిలింది. తాను మాత్రం ఏదీ తాళం వేసి పెట్టుకోకూడదని ఆనాడే అనుకుంది. అనుకున్నదాన్ని ఇరవై ఏళ్ళు నెత్తిన మోసుకు తిరిగే మనిషి వరూధిని. అలాంటివాళ్ళను పట్టుకోవడం భలే సులువు.

పట్టుకున్నవాడి పేరు లలిత్. ముప్పై ఏళ్ళవాడు, గుంటూరు వైపు మనిషి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి, టీచర్ల కోసం పనిచేసే ఒక ఫౌండేషన్‌లో చేరాడు. మంచివాడు కూడానూ. ఈ కథలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు, ఉంటే వరూధినికి తిట్టుకోవడానికైనా ఒక మనిషి దొరికేవాడు. ఇతని పని ఏమిటంటే, టీచర్లు సొంతంగా తయారు చేసుకున్న పాఠాలను వీడియోలుగా, వర్క్‌షీట్లుగా ఆన్‌లైన్‌లో పెట్టించడం. వాటిని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు. అడగనక్కర్లేదు, చేసినవాళ్ళ పేరు చెబితే చాలు.

మేడ మీది గదిలో వెనక బెంచీ మీద కూర్చుని ఒక పూటంతా ఆమె పాఠం విన్నాడు. బయటికి వచ్చి, “మేడం, ఇంత నాలెడ్జ్ ఈ ఒక్క రూములో ఉండిపోతే అన్యాయం కదండీ. ఎక్కడో ఒక టీచర్‌కి భిన్నాలు ఎలా చెప్పాలో తెలియక ఇవాళ ఏడుస్తూ ఉంటుంది. ఆమెకి మీరు కావాలి” అన్నాడు.

మునగచెట్టు ఎక్కించడం అంటారే, అది. వరూధిని చిటారు కొమ్మదాకా ఎక్కింది. ఏడుస్తున్న ఆ టీచరు ఎవరో ఆమెకు బాగా తెలుసు. ఆకుపచ్చ బీరువా పక్కన నిలబడి ఉంది.

బడి అయిపోయాక ఖాళీ గదిలో, ఫోను ఒకదాని మీద ఒకటి పేర్చిన రెండు బెంచీల మీద నిలబెట్టి, బయట లారీల హారన్లు ఆగిన సందు చూసుకుని రికార్డు చేసేది. సీసా మూతలతో కూడికలు, పొట్టు తీయని చెనక్కాయలతో భాగహారం, జొన్నరొట్టెతో భిన్నాలు. ఇంట్లో వంట ఆలస్యమయ్యేది, మొగుడు సణిగేవాడు. ఏడాదిలో నూట నలభై మూడు పాఠాలు పెట్టింది. నలభై వేల సార్లు చూశారని లలిత్ ఫోను చేసి చెప్పిన రోజు, ఆ సంఖ్యను బోర్డు మీద రాసి పిల్లలతో చదివించింది. చిన్న గర్వమే. ఇరవై రెండేళ్ళలో ఆమెకు దక్కిన గర్వం అదొక్కటే, అందుకని దాన్ని మనం తప్పు పట్టకూడదు. కానీ చెయ్యకూడని పని ఒకటి ఆ గర్వంతోనే చేసింది.

పాఠం పెట్టేటప్పుడు ఒక ఫారం నింపాలి. ఏ తరగతి, ఎంతసేపు, ఏమేం వస్తువులు కావాలి, ఇలాంటివి. చివరి ప్రశ్న: టీచరు పక్కన లేకపోయినా ఈ పాఠంతో పిల్లలు నేర్చుకోగలరా? అవునంటే ఆ పాఠం పేరు పక్కన ఒక నక్షత్రం పడుతుంది, వెతికేవాళ్ళకు ముందు అదే కనిపిస్తుంది. వరూధిని నూట నలభై మూడింటికీ అవునని పెట్టింది. కాదంటే తన పాఠంలో లోపం ఉన్నట్టు కదా అని ఆమె అభిమానం. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. కింద ఖాళీ ఉంటే, ‘ఈ పాఠం చూసిన పిల్లవాడికి టీచరుతో పని లేదు’ అని సొంత మాట కూడా చేర్చింది. రాసేటప్పుడు ఆ వాక్యం ఎంత బాగా కుదిరిందో అని రెండుసార్లు చదువుకుంది.

జ్ఞానప్రకాశం సారు దగ్గరికి వెళ్ళింది కూడా ఆ ఊపులోనే. ఆయన శాలువా కప్పించుకుని రిటైరై నాలుగేళ్ళయింది. బీరువా ఇంటికి తెచ్చుకున్నాడు. ఆమె ఫోనులో తన భాగహారం పాఠం చూపించింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని మొదటి నుంచి చివరిదాకా చూశాడు.

“ఇది నా పద్ధతి కాదు. నాకంటే బాగుండాది” అన్నాడు. జేబులోంచి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. “తీసుకోమ్మా. ఆ పొద్దే ఇయ్యాల్సింది. ఇయ్యలేదు.”

వరూధిని ఆ రాత్రి సంతోషంతో ఏడ్చింది. ఆయన పన్నెండు పుస్తకాలనూ ఫొటోలు తీసి, ఆయన పేరుతోనే ఆన్‌లైన్‌లో పెట్టింది.

జూన్‌లో బడి తెరిచిన రెండో వారం, ట్రస్టు కార్యదర్శి కృష్ణప్ప ఆమెను కింద ఆఫీసులోకి పిలిపించాడు. కృష్ణప్పది మూడు తరాల బట్టల కొట్టు. ఎవరినీ కసిరే మనిషి కాదు, వచ్చినవాళ్ళకు ముందు కాఫీ చెప్పి తర్వాత మాట మొదలుపెడతాడు.

“కూసోండి వరూధినమ్మా. మీ పాఠాలు మా ఇంట్లో అందురూ చూస్తా ఉండారు. మా కోడలు కన్నడామె గదా, ఆమెకే తెలుగు లెక్కలు వచ్చేసినాయి.” కాఫీ వచ్చేదాకా ఆగాడు. “అందుకే మేము ఒకటి అనుకుంటిమి. మీ గదిలో పెద్ద టీవీ పెట్టిస్తాము. పాఠం మీదే, గొంతు మీదే. ఆయా నర్సమ్మ ఆన్ చేస్తాది, ఆఫ్ చేస్తాది. ఇంక మీరు రోజూ ఆ మెట్లెక్కి గొంతు చించుకునేది ఎందుకు?”

వరూధినికి మొదట అది తన మోకాళ్ళ మీద దయ అనిపించింది. రెండు గుక్కల కాఫీ తాగాక అర్థమైంది.

“మరి నేను సార్?”

“నగర్తపేటలో మన కల్యాణ మండపం ఉండాదే, అక్కడ బుకింగు కౌంటర్లో కూసోను నమ్మకమైన మనిషి కావల్ల. మీ దస్తూరి ముత్యాలు. మీకు ఏమీ తక్కువ కాదు.”

“పిల్లోళ్ళకు అర్థం కాకపోతే ఎవురిని అడగల్ల సార్?”

“మళ్ళా పెట్టుకుని చూస్తారు. దాంట్లో ఉండే సుఖమే అది గదా.” కృష్ణప్ప తన ఫోను తెరిచి ఆమె వైపు తిప్పాడు. “మీరే రాసుండారు, చూడండి. ఈ పాఠం చూసిన పిల్లోనికి టీచరుతో పని లేదు అని.”

“అది ఫారం కోసం రాసింది సార్.”

“అంటే అబద్ధమా?” అని అడిగాడు కృష్ణప్ప. ఎత్తిపొడుపుగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగాడు.

అబద్ధమంటే నలభై వేల సార్లు అబద్ధం చెప్పినట్టు. నిజమంటే ఆమెతో పని లేదు. తన వేలితో తన కన్ను పొడుచుకోవడమంటే ఏమిటో ఆ ఆఫీసు కుర్చీలో కూర్చున్నంతసేపూ ఆమెకు తెలిసివచ్చింది.

చివరికి కృష్ణప్పే ఒక దారి చెప్పాడు. నోటిమాటలెందుకు, ఒక నెల చూద్దాం అన్నాడు. నెలరోజులు గదిలో టీవీ పాఠం చెబుతుంది. వరూధిని కింద ఆఫీసులో పిల్లల వివరాలు కంప్యూటర్లో ఎక్కిస్తూ ఉంటుంది. నెలాఖరుకు లలిత్ వచ్చి పరీక్ష పెడతాడు. పిల్లలు తప్పితే టీవీ తీయించేసి ఆమె గది ఆమెకు ఇచ్చేస్తారు. పాసయితే ఆమె మండపానికి వెళుతుంది. ఇంతకంటే న్యాయంగా ఎవరూ మాట్లాడలేరు. ఆమె సరేనంది.

సాయంత్రం లలిత్‌కు ఫోను చేసి తన పాఠాలన్నీ తీసేయమంది. “మేడం, ఒకసారి ఓపెన్‌గా ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదండీ. మన సైట్‌లో తీసినా ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో” అన్నాడతను నొచ్చుకుంటూ. ఫోను పెట్టేసిన కాసేపటికే ఊరవతల జిగణి నుంచి వనజ చేసింది. ఫ్యాక్టరీ కూలీల పిల్లలకు రేకుల షెడ్డులో చదువు చెప్పే అమ్మాయి. ఇంటర్ మీద ఏ ట్రైనింగూ లేదు. లలిత్ ఆమెతో అప్పుడే ఏదో చెప్పినట్టున్నాడు.

“అక్కా, తీసేస్తారా? నేను పొద్దున మీది చూసుకొని మధ్యాహ్నం పిల్లలకు చెప్తా. అర్థం కానోళ్ళకి మళ్ళీ నా మాటల్లో చెప్తా. మీది లేకుంటే నాకేం తెల్దక్కా.”

“తీయను లేమ్మా” అంది వరూధిని. వనజ చేతిలో పడిన పాఠం పాఠంలాగే ఉంది. ఎందుకంటే ఆ షెడ్డులో పిల్లల పక్కన వనజ నిలబడి ఉంది. ఇంత చిన్న సంగతి ఫారంలో రాయడానికి చోటు లేకపోయింది.

ఆదివారం జ్ఞానప్రకాశం సారు ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పింది. ఆయన అంతా విన్నాడు.

“నేను తాళం వేసుకుంటి. ముప్పై రెండేండ్లు నన్ను ఆ కుర్చీలోంచి ఎవురూ లేపలేదు. నువ్వు తలుపులు తెరిస్తివి” అన్నాడు. ఆమెను దెప్పాలని కాదు, ఆయనకూ బాధగానే ఉంది. “ఇప్పుడు ఒకటే మాట. ఈ నెల నోరు కట్టుకో. పిల్లోళ్ళు వచ్చి అడిగినా చెప్పొద్దు. తప్పనీ. ఒక నెల తప్పితే వాళ్ళ బతుకేం పోదు, పై నెల నువ్వే చెప్పుకుంటావు. చెప్పితివా, నీ గొయ్యి నువ్వు తవ్వుకున్నట్టే.”

అది న్యాయమైన సలహానే. వరూధిని దాన్ని పన్నెండు రోజులు పాటించింది.

కింద ఆఫీసులో కూర్చుంటే మెట్ల సందులోంచి తన గొంతు వినిపించేది. రోజుకు నాలుగు గంటలు. ఆ గొంతు ఎప్పుడూ ఉషారుగా ఉండేది. మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టగానే పిల్లలు దిగివచ్చి ఆఫీసు గుమ్మం దగ్గర మూగేవాళ్ళు. మేడం, ఇది ఎట్లా వచ్చింది, మేడం, ఆ రెండు ఏడకు పాయె. “పాఠం మళ్ళా పెట్టించుకొని చూడండి” అనేది ఆమె, కంప్యూటర్ మీదినుంచి చూపు తిప్పకుండా. స్వప్న అనే పిల్ల మాత్రం అందరూ వెళ్ళాక కూడా కాసేపు నిలబడేది. నారాయణపేట వైపు పిల్ల. తల్లీ తండ్రీ నగర్తపేటలో లేస్తున్న ఒక కాంప్లెక్సులో పని చేస్తారు, వెనక రేకుల షెడ్లలో ఉంటారు. ఏమీ అడగదు, నిలబడుతుంది. నాలుగు రోజులకు ఆ పిల్లా గుమ్మం దగ్గరికి రావడం మానేసింది. ఆ పూట వరూధిని తన అన్నం డబ్బా మూత తీయకుండానే ఇంటికి పట్టుకుపోయింది.

పన్నెండో రోజు నర్సమ్మ దిగివచ్చింది. మొదటి రోజు ‘మీరు టీవీలనే మంచిగున్నరు మేడం, తిట్టరు, కొట్టరు’ అని నవ్విన మనిషి, ఇప్పుడు రిమోటు చేతిలో తిప్పుకుంటూ గుమ్మంలో నిలబడింది.

“పిల్లలు సప్పుడు చేస్తలేరు మేడం. అర్థమైందా అని టీవీల మీరు అడుగుతరు, అందరు అయ్యిందంటరు. గోడకు చెప్పినట్టు చెప్తరు. నాకు చదువు రాదు గని, మీరు చెప్పంగ ఇట్ల ఎన్నడు లేకుండె.”

అర్థం కాని పిల్ల అర్థం కాలేదని ఏడవడం వరూధినికి తెలుసు, దానికి మందూ తెలుసు. అర్థం కాకుండానే అయిందని చెప్పడం అలవాటైన పిల్లకు మందు లేదు. ఆ పిల్ల జీవితాంతం అలాగే తల ఊపుతుంది, మేస్త్రీ ముందు, ఆస్పత్రిలో, కాగితం మీద వేలిముద్ర వేసేచోట. ఒక నెలతో పోయేది కాదు అది. జ్ఞానప్రకాశం సారు లెక్కలో ఇది రాలేదు.

మర్నాడు భోజనాల బెల్లుకు ఆమె ఆఫీసులోంచి లేచి వెళ్ళి మేడ మెట్ల మీద కూర్చుంది. స్వప్నను పక్కన కూర్చోబెట్టుకుంది.

“ఏం అర్థం కాలేదో చెప్పు.”

“అంత అర్థమైంది మేడం.”

“నాకు చెప్పు, నేను టీవీ కాదు.”

స్వప్న చాలాసేపు గౌను అంచు మెలిపెట్టింది. “మూడో వంతు పెద్దది, నాలుగో వంతు చిన్నది అని చెప్పిండ్రు మేడం. నాలుగే పెద్దగుంటది గదా.”

“రొట్టె చూపిస్తిని గదా. ముగ్గురు పంచుకుంటే పెద్ద ముక్క, నలుగురు పంచుకుంటే చిన్న ముక్క.”

“మా ఇంట్ల రొట్టె ముక్కలు చెయ్యరు మేడం. ముగ్గురుంటే మా అమ్మ మూడు చేస్తది, నలుగురుంటే నాలుగు చేస్తది. నలుగురుంటేనే ఎక్కువ.”

ఆ రొట్టె పాఠానికి నక్షత్రం వచ్చింది, ఎంతోమంది టీచర్లు దండం గుర్తులు పెట్టారు. ఒక రొట్టెను నలుగురు చింపుకు తినే ఇల్లు ఎక్కడుందని వాళ్ళలో ఒక్కరూ అడగలేదు. వరూధినికీ తోచలేదు.

“మీ షెడ్ల కాడ నీళ్ళెట్లా?” అని అడిగింది.

“ట్యాంకరొస్తది మేడం. ఒక డ్రమ్ము మూడిండ్లకు.”

“ఇంకో ఇల్లు దిగిందనుకో. అదే డ్రమ్ము నాలుగిండ్లకు పంచుకోవల్ల.”

స్వప్న మొహం మాడ్చుకుంది. “మాకు తక్కువొస్తయి.”

“మూడో వంతు పెద్దదా, నాలుగో వంతా?”

ఆ పిల్ల డ్రమ్ములో నీళ్ళు ఎక్కడిదాకా దిగాయో కళ్ళతో కొలుచుకుంది. “మూడో వంతే మేడం” అంది మెల్లగా, తర్వాత గట్టిగా. చెప్పి, తన గిన్నెలోని అన్నం గబగబా తినసాగింది.

ఆ రోజు నుంచీ భోజనాల వేళ ఇరవై నిమిషాలు మెట్ల మీద గడిచేవి. పందొమ్మిది మందీ మెట్లకు ఒకరుగా ఇద్దరుగా కూర్చునేవాళ్ళు. వరూధిని పాఠం చెప్పేది కాదు, ఎవడు ఎక్కడ కూరుకుపోయాడో చేత్తో తడిమి చూసేది. ఒకడికి సున్నా దగ్గర అప్పు తెచ్చుకోవడం రాదు. ఒకతెకు అంతా వచ్చు, పలక మీద రాయాలంటే భయం. కూర్చున్న కొమ్మనే నరుక్కుంటున్నానని ఆమెకు ప్రతిరోజూ తెలుసు. తెలిసే నరికింది. జ్ఞానప్రకాశం సారు రెండుసార్లు ఫోను చేస్తే ఎత్తలేదు.

పరీక్ష రోజు లలిత్ ప్రశ్నపత్రాలు తెచ్చాడు. పందొమ్మిది మందిలో పదిహేడు మంది పాసయ్యారు. స్వప్నకు అందరికంటే ఎక్కువ వచ్చాయి.

కృష్ణప్ప ఆఫీసులో మైసూర్‌పాక్ పెట్టె తెరిచి ఉంది. లలిత్ ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. “కంగ్రాట్స్ మేడం. దేశంలో ఇలాంటి రిజల్ట్ నేను చూళ్ళేదండీ. టీచర్ లేకుండా సెవెంటీన్ అవుటాఫ్ నైన్‌టీన్” అన్నాడు. అతని కళ్ళల్లో నిజంగానే నీళ్ళున్నాయి.

వరూధిని కూర్చోలేదు. “టీచరు లేకుండా కాదు. నేను చెప్పినాను” అంది. “పన్నెండు రోజుల తర్వాత రోజూ అన్నాల టైములో మెట్ల మీద కూసోని చెప్పినాను. టీవీ చూసి వాళ్ళకు రాలేదు సార్. నేను ఫారంలో రాసింది అబద్ధమే.”

ఇరవై రెండేళ్ళలో పెద్దల ముందు అంత సూటిగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. మాట్లాడాక గుండె తేలికైంది. ఇంక వీళ్ళు కాదనడానికి ఏమీ మిగల్లేదనుకుంది.

కృష్ణప్ప కోప్పడలేదు. మైసూర్‌పాక్ ముక్క చేతిలోనే పెట్టుకుని ఆలోచించాడు. “రోజుకు ఎంతసేపు చెప్తిరి?”

“ఇరవై నిమిషాలు.”

“అంతేనా?” అన్నాడు కృష్ణప్ప. మెల్లగా ఆయన మొహం విప్పారింది. “అయితే మీరు చెప్పింది కరెక్టే వరూధినమ్మా. టీవీ ఒకటే చాలదు. టీవీ, దాని మీద ఇరవై నిమిషాలు. దానికి దినమంతా ఒక టీచరు ఎందుకు? కింద ఇంగ్లీషు సెక్షన్లో ఎవురో ఒకరు అన్నం తినేసి పోయి చెప్పేస్తారు.”

“వాళ్ళకు తెలుగు రాదు సార్.”

“లెక్కలకు తెలుగేందమ్మా” అని కృష్ణప్ప పెట్టె ఆమె వైపు జరిపాడు.

వరూధిని సాయం కోసం లలిత్ వైపు చూసింది. అతను అప్పటికే సంచిలోంచి నోటుబుక్కు తీసి తెరిచాడు.

“మేడం, ఆ మెట్ల మీద పిల్లలు అడిగిన డౌట్లు మీకు గుర్తున్నాయా? అన్నీ?”

“ఉన్నాయి.”

“అసలు కంటెంట్ అదండీ. ఏ పుస్తకంలోనూ ఉండదు. ఎక్కడ ఆగిపోతారు, ఎందుకు ఆగిపోతారు, మీరేం చెబితే కదిలారు. అవి కూడా రికార్డ్ చేసి పెట్టేద్దాం. ఇంక ఏ స్కూల్లోనూ ఏ పిల్లా ఆగిపోదు.”

ఆమెకు కోపం రావాలి. ఆ మైసూర్‌పాక్ పెట్టె ఎత్తి నేలకేసి కొట్టే హక్కు ఆమెకు ఉంది. కానీ అతను అడిగింది వినగానే ఆమె బుర్ర ఆమెను అడక్కుండానే పని మొదలుపెట్టింది. ముందు డ్రమ్ము పెట్టాలా, సున్నా దగ్గర అప్పు పెట్టాలా. రొట్టె పాఠం తీసేసి మళ్ళీ చెయ్యాలి. పలకంటే భయపడే పిల్ల సంగతి వీడియోలో ఎలా చెప్పడం. ఎక్కడో ఒక టీచరుకు ఇది తెలియక పిల్లలు గోడకు చెప్పినట్టు తలలూపుతూ ఉంటారు. తన మీద తనకు అసహ్యం వేసింది, అయినా ఆ వరస ఆగలేదు.

“సోమవారం నుంచి నేను మండపంలో ఉంటాను. పెండ్లిండ్లు లేని దినం హాలు ఖాళీగా ఉంటాది, సద్దు ఉండదు. అక్కడికి రాండి” అంది.

లలిత్ తేదీ రాసుకున్నాడు.